డుమువుల పరీక్ష: మాల్టీస్, చెక్ భాషలు మనకు నేర్పే పాఠం

విజ్ఞాన విభాగంలో భాషలను గూర్చిన వ్యాసమెందుకని కొందరు పాఠకులు సందేహించవచ్చును. భాష కూడ పరిశీలనకు, పోలికకు, పరీక్షకు లొంగేదే. ఒక పదార్థం గుణం తెలుసుకోవడానికి దానిని వేరొక పదార్థంతో కలిపి చూస్తాము. ఒక భాష గుణం తెలియాలన్నా దాని ప్రక్కన మరొక భాషను నిలిపి చూడడమే మంచి పద్ధతి. ఈ వ్యాసంలో నేను ప్రక్కప్రక్కన నిలుపుతున్నవి మాల్టీస్, చెక్ అనే రెండు ఐరోపా భాషలు.

ఈ రెండింటికీ చుట్టరికం లేదు. మధ్యధరా సముద్రంలో సిసిలీకి దక్షిణాన ఉన్న చిన్న ద్వీపదేశం మాల్టా. అక్కడి భాష అరబ్బీకి చెల్లెలు. మధ్య ఐరోపాలో ప్రేగ్ నగరం రాజధానిగా గల దేశపు భాష చెక్. అది స్లావిక్ శాఖకు చెందినది, సంస్కృతానికి దూరపు జ్ఞాతి. మాల్టా జనాభా సుమారు 5 లక్షలు, చెక్ దేశపు జనాభా ఒక కోటికి కొంచెం పైన. అయినా ఈ రెండు దేశాలూ 2004 మే 1న ఒకేరోజున ఐరోపా సమాఖ్యలో చేరాయి. ఆనాడు సమాఖ్యకు క్రొత్తగా వచ్చిన 9 అధికారభాషలలో ఈ రెండూ ఉన్నాయి. రెండూ ఒకప్పుడు "వంటింటి భాషలు" అనిపించుకున్నవే. ఒకటి దొరికిన పదమల్లా అరువు తెచ్చుకొని బ్రతికింది. రెండవది అరువును వీలైనంత త్రోసిపుచ్చి, తన పదాలను తానే తయారుచేసుకొని బ్రతికింది.

మన సభలలో ప్రతి సంవత్సరం వినిపించే మాట ఒకటి ఉన్నది: "మన తెలుగులో ఇంగ్లీషు ముక్కలు ఎక్కువైపోతున్నాయి, భాష చచ్చిపోతున్నది" అని. ఈ విచారం తప్పుచోట పడుతున్నదని నా అభిప్రాయం. ఎన్ని పరాయి మాటలు వచ్చాయన్నది అసలు ప్రశ్న కాదు. వచ్చిన మాటకు ఎవరి బహువచనం తొడుగుతున్నాము, ఎవరి విభక్తి చేర్చుతున్నాము అన్నది అసలు ప్రశ్న. ఇది నిరూపించటానికి ఈ రెండు భాషలకంటె మంచి సాక్షులు నాకు కనబడలేదు.

రెండు తలుపులు

క్రొత్త భాష అంటే కుతూహలం గల తెలుగువారికి ఈ రెండింటి తలుపులూ కొంత తెరచియే ఉంటాయి. చెక్ తలుపు సంస్కృతం వైపున ఉన్నది. చెక్‌లో సోదరుడు "బ్రత్ర్", మన భ్రాత. "వ్దొవ" మన విధవ. "నొవీ" అంటే క్రొత్తది, మన నవము. "జిమ" అంటే చలికాలం, మన హిమము. "వ్యెద్యెత్" అంటే తెలిసియుండుట. వేదం అన్న మాటకు మూలమైన "విద్" ధాతువే అది.

మన పిల్లలు వర్ణమాల నేర్చుకునేటప్పుడు ఒక చక్కని ప్రశ్న వేస్తారు: "ఋ అచ్చుల్లో ఎందుకున్నది? రు అంటే హల్లు కదా?" అని. ఈ ప్రశ్నకు జవాబు చెక్ భాషలో సజీవంగా ఉన్నది. అక్కడ "ర్", "ల్" అనే ధ్వనులు వేరే అచ్చు సాయం లేకుండానే అక్షరానికి ఆధారంగా నిలుస్తాయి. తోడేలును "వ్ల్క్" అంటారు, సంస్కృతంలో వృకము. మరణాన్ని "స్మృత్" అంటారు, సంస్కృతంలో మృతి. "స్తృచ్ పృస్త్ స్కృజ్ కృక్" అని చెక్ పిల్లలు సరదాగా పలికే వాక్యం ఒకటి కలదు. "గొంతులో వ్రేలు దూర్చు" అని అర్థం. అందులో ఒక్క మామూలు అచ్చు కూడ లేదు, ఉన్నవన్నీ ఋకారాలే. పాణిని కాలపు ధ్వనిని నేటి బడిపిల్లల నోట వినగోరేవారు ప్రేగ్ వీధులలో నడవవచ్చును.

చెక్ నామవాచకానికి ఏడు విభక్తులు. వానిలో సంబోధన కూడ ఒకటి. "యన్" అనే పేరు గలవానిని పిలిచేటప్పుడు "యనె" అనాలి, "ఎవ"ను "ఎవొ" అనాలి. "రాముడు" పిలుపులో "రామా" అవటం మనకు క్రొత్త కాదు. క్రియలలో జరుగుతున్న పనికి ఒక రూపం, పూర్తి అయిన పనికి మరొక రూపం ఉంటాయి. వ్రాస్తూ ఉండటం "ప్సాత్", వ్రాసివేయటం "నప్సత్". ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారు ఈ భేదం దగ్గర చాలా తికమకపడతారు. తినటానికీ తినివేయటానికీ తేడా ఎరిగిన తెలుగువారికి అంత కష్టం ఉండదు.

మాల్టీస్ తలుపు ఉర్దూ వైపున ఉన్నది. అరబ్బీలో వలెనే ఇక్కడ కూడ మాటకు మూడు హల్లుల అస్థిపంజరం ఉంటుంది. వాని నడుమ అచ్చులు మార్చితే అర్థాలు మారుతాయి. క-త-బ అనే మూడు హల్లులు తీసుకోండి. "కితెబ్" అంటే వ్రాశాడు. "క్తీబ్" అంటే పుస్తకం, "కొత్బ" అంటే పుస్తకాలు. "కిత్తీబ్" అంటే రచయిత. "మిక్తూబ్" అంటే వ్రాయబడినది. కితాబ్, కాతిబ్, మక్తబ్ అనే మాటలు వింటూ పెరిగిన హైదరాబాదు వాసికి ఇది తెలిసిన కుటుంబమే. మన "హక్కు"కు మూలమైన అరబ్బీ మాట మాల్టీస్‌లో న్యాయం అనే అర్థంలో వినిపిస్తుంది.

ఇల్ అనే ఉపపదం షెమ్ష్ అనే మాటతో చేరితే "ఇష్షెమ్ష్" అవుతుంది, సూర్యుడని అర్థం. సత్ జనుడు సజ్జనుడైనట్లే ఇదీ సంధి. విశేషమేమంటే ఈ భాష మాట్లాడేవారిలో అత్యధికులు కాథలిక్ క్రైస్తవులు. వారు దేవుని "అల్ల" అంటారు. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను "రన్‌దాన్" అంటారు. రంజాన్‌కు మూలమైన మాటే అది. మతం మారినా మాట నిలిచింది.

ఈ రెండు భాషలనూ కలిపే చిన్న వంతెన ఒకటి ఉన్నది. సంస్కృతం చదివినవారికి ద్వివచనం గుర్తుండే ఉంటుంది. మాల్టీస్‌లో "యూమ్" ఒక రోజు, "యుమెయ్న్" రెండు రోజులు. "ఈద్" చేయి, "ఇదెయ్న్" చేతులు. చెక్‌లో ద్వివచనం వ్యవహారంలో పోయింది గాని శరీరంలోని జంట అవయవాల దగ్గర దాగి ఉన్నది. చేతులతో అనటానికి మామూలు బహువచన రూపం కాక "రుకమ" అనే పాత ద్వివచన తృతీయా రూపమే ఇప్పటికీ వాడుతారు. చుట్టరికం లేని రెండు భాషలు రెండు చేతులకు ప్రత్యేక రూపాన్ని దాచుకోవటం భాషాశాస్త్ర విద్యార్థికి మంచి విందు.

వంటింట పడిన భాషలు

మాల్టాను అరబ్బులు 870లో జయించారు, నార్మన్లు 1091లో వచ్చారు. 1530 నుండి 1798 వరకు సెయింట్ జాన్ వీరుల పాలన, రెండేళ్ళు ఫ్రెంచివారి ఏలుబడి, తరువాత 1964 వరకు బ్రిటిష్ పాలన. ఈ శతాబ్దాలలో న్యాయస్థానానికీ, సాహిత్యానికీ, గౌరవానికీ ఇటాలియన్ భాష. మాల్టీస్ వంటింటికి, పొలానికి, పడవకు మాత్రమే. పియెత్రొ కశారొ అనే ఆయన 15వ శతాబ్దిలో వ్రాసిన "కాంతిలేన" అనే 20 పంక్తుల గేయమే ఆ భాషలో మనకు లభించిన తొలి రచన. దాని వ్రాతప్రతి 1966లోగాని బయటపడలేదు. మికీల్ అంతొన్ వస్సల్లి 1791లో వ్యాకరణాన్ని, 1796లో నిఘంటువును వెలువరించి, సామాన్యుల భాషలోనే సామాన్యులకు చదువు చెప్పాలని వాదించాడు. 1920లో ఏర్పడిన రచయితల సంఘం 1924లో లిపినీ వర్ణక్రమాన్నీ స్థిరపరచింది. 1934లో మాల్టీస్ అధికారభాష అయింది. తొలుత ఇటాలియన్‌లో కవిత్వం చెప్పిన దున్ కార్మ్ 1912లో మాతృభాషకు మళ్ళి, జాతీయకవిగా నిలిచాడు.

చెక్ కథ దీనికి తలక్రిందులు. ఆ భాషకు మధ్యయుగాలలోనే మంచి సాహిత్యం ఉండేది. 1620లో తెల్లకొండ యుద్ధంలో ఓడిన తరువాత పై తరగతులు క్రమంగా జర్మన్ వైపు మళ్ళాయి. 1780 దశకంలో రెండవ జోసెఫ్ చక్రవర్తి పరిపాలన అంతటా జర్మన్‌ను ప్రవేశపెట్టాడు. చెక్ భాషకు శాస్త్రీయ వ్యాకరణం వ్రాసిన యోసెఫ్ దొబ్రొవ్‌స్కీ కూడ ఆ వ్యాకరణాన్ని జర్మన్ భాషలోనే వ్రాశాడు. తన భాష మళ్ళీ ఉన్నత సాహిత్యానికి పనికివస్తుందన్న నమ్మకం ఆయనకే పూర్తిగా లేదు. తరువాతి తరంవాడైన యోసెఫ్ యుంగ్‌మన్ ఆ నమ్మకాన్ని కల్పించాడు. 1811లో మిల్టన్ మహాకావ్యం "పేరడైజ్ లాస్ట్"ను చెక్‌లోకి తెచ్చాడు. 1830 దశకంలో ఐదు సంపుటాల నిఘంటువును పూర్తిచేశాడు. ప్రజల చందాలతో ప్రేగ్‌లో లేచిన జాతీయ రంగస్థలం 1881లో తెరచుకొని, కొద్దివారాలకే అగ్నిప్రమాదానికి గురి అయితే, ప్రజలే మళ్ళీ చందాలు వేసుకొని 1883 నాటికి దానిని తిరిగి నిలబెట్టారు.

అరువు ఒక దారి, సృష్టి ఒక దారి

ఇక పదసంపద చూద్దాము. మాల్టీస్ నిఘంటువులోని పదాలలో సుమారు మూడవవంతు మాత్రమే అరబ్బీ మూలం గలవి. సగానికి కొంచెం పైగా సిసిలియన్, ఇటాలియన్ భాషల నుండి వచ్చినవి. ఇంగ్లీషువి నూటికి ఆరు. రోజూ వాడే చిన్నమాటలలో అరబ్బీ వాటా ఇంతకంటె ఎక్కువ ఉంటుంది గాని, నిఘంటువు మాత్రం అరువు సొమ్మే. వంటిల్లు అనే మాట కూడ ఇటాలియన్ నుండి తెచ్చుకున్నదే.

చెక్ పండితులు దీనికి భిన్నంగా మాటలు పోతపోశారు. థియేటరుకు "దివద్లొ" అన్నారు, చూచుట అనే ధాతువు నుండి. సంగీతానికి "హుద్బ" అన్నారు. రసాయనశాస్త్రంలో వారి కృషి మన విజ్ఞాన విభాగపు పాఠకులకు ప్రత్యేకంగా నచ్చుతుంది. యుంగ్‌మన్, ప్రకృతి శాస్త్రవేత్త యాన్ స్వతొప్లుక్ ప్రెస్ల్ మొదలైనవారు మూలకాలకు దేశీయ నామాలు కల్పించారు. నీటికి "వొద" కనుక హైడ్రోజన్ "వొద్యీక్". పులుపుకు "కిసెలీ" కనుక ఆక్సిజన్ "కిస్లీక్". మనవారు ఉదకం నుండి ఉదజని అనీ, ఆమ్లం నుండి ఆమ్లజని అనీ చేసిన ప్రయత్నమే ఇది. అంతటితో ఆగక, ఆక్సీకరణ సంఖ్య 1 నుండి 8 వరకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రత్యయాన్ని ఏర్పాటు చేసుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్ "ఒక్సిద్ ఉహెల్నతీ", డయాక్సైడ్ "ఒక్సిద్ ఉహ్లిచితీ". పదం తోక చూచి చెక్ విద్యార్థి కార్బన్ ఆక్సీకరణ సంఖ్య 2 అనో 4 అనో చెప్పగలడు. ఇంతటి శాస్త్రీయమైన పదనిర్మాణం ఇంగ్లీషులోనే లేదు.

మాల్టీస్ వారు ఇటాలియన్ నుండి "ఇద్రోజెను", "ఒస్సిజ్ను" అని తెచ్చుకొని ఊరుకున్నారు. మన తెలుగు ఈ రెండు దారులలోనూ నడచింది. పాఠ్యపుస్తకంలో "ఉదజని" అన్నప్పుడు మనం చెక్ దారిలో ఉన్నాము. "ఆసుపత్రిలో ఆక్సిజను పెట్టారు" అన్నప్పుడు మాల్టీస్ దారిలో ఉన్నాము. ఏది సరియైన దారి అంటే, రెండు జాతులూ గమ్యం చేరాయి కనుక రెండూ సరియైనవే అనాలి.

సృష్టి మార్గానికి ఒక ఖర్చు కూడ ఉన్నది. చెక్ ఉద్ధారకులు రెండు శతాబ్దాల వెనుకటి గ్రంథభాషను ఆదర్శంగా పెట్టుకున్నందున, ఈనాటికీ అక్కడ పుస్తకపు చెక్ వేరు, ఇంటిలో మాట్లాడే చెక్ వేరు. గిడుగు రామమూర్తిగారు ఏ దూరాన్ని తగ్గించటానికి జీవితాన్ని ధారపోశారో, ఆ దూరం వారికి ఇంకా మిగిలి ఉన్నది. శుద్ధి కోరేవారు ఈ ఖర్చును లెక్కలో వేసుకోవాలి.

ఇంటివారెవరు, అతిథి ఎవరు?

పదసంపదలో ఇంత దూరంగా ఉన్న ఈ రెండు భాషలకు సమానమైన గుణం ఒకటి ఉన్నది. పరాయి మాట గడప దాటి లోపలికి రాగానే రెండూ దానికి తమ దుస్తులే తొడుగుతాయి.

మాల్టీస్ వారు ఇంగ్లీషు నుండి కెటిల్ అనే మాటను తీసుకొని "కిత్ల" అన్నారు. బహువచనం కావలసివస్తే చివర "స్" చేర్చలేదు. పుస్తకాన్ని పుస్తకాలు చేసినట్లే లోపలి అచ్చులు మార్చి "క్తీలి" అన్నారు. ఇటాలియన్ నుండి వచ్చిన ముళ్ళచెంచా "ఫుర్కెత్త"; బహువచనంలో "ఫ్రీకెత్". పాము "సెర్ప్", పాములు "స్రీప్". మాట లాటిన్ వంశానిది, దానిలోని యంత్రం అరబ్బీది.

కారును నిలపటమనే పనినే చూడండి. ఇంగ్లీషు "పార్క్" మూడు భాషలలోకీ వెళ్ళింది. మాల్టీస్ వారు "నిప్పార్క్య" అంటారు. ముందున్న "ని" ఉత్తమపురుషకు గుర్తు. "నిక్తెబ్" అంటే నేను వ్రాస్తాను అన్నప్పుడు ఉన్న "ని"యే అది. చెక్ వారు "పార్కుయు" అంటారు. పని పూర్తి అయితే ముందు ఉపసర్గ చేర్చి "జపార్కొవల్" అంటారు, అనగా నిలిపివేశాడు. మనం "పార్కు చేస్తాను, పార్కు చేసేశాడు" అంటాము. మూడు భాషలూ మాటను తెచ్చుకున్నాయి, మూడూ దానిచేత తమ చాకిరీ చేయించుకున్నాయి. చాకిరీ అంటే గుర్తుకు వచ్చింది: 1920లో కరెల్ చాపెక్ తన నాటకంలో ప్రయోగించిన "రోబోట్" అనే మాటకు వెట్టిచాకిరీ అనే అర్థంగల చెక్ పదమే మూలం. ఆ మాట మనదాకా వచ్చి "రోబోలు" అయింది. చెక్ మాటకు తెలుగు "లు".

మన పూర్వ వైయాకరణులు ప్రథమా విభక్తి ప్రత్యయాలను డు, ము, వు, లు అని చెప్పి, పిల్లలచేత "డుమువులు" అని వల్లె వేయించేవారు. వానిలో ఎంత లోతైన శాస్త్రం ఉన్నదో మాల్టీస్ చదివితే తెలుస్తుంది. సంస్కృతపు రామ శబ్దం "రాముడు" అయినది, వృక్ష శబ్దం "వృక్షము" అయినది. అరబ్బీ జవాబ్ "జవాబు" అయి, బహువచనంలో "జవాబులు" అయినది. ఇంగ్లీషు బస్ "బస్సు, బస్సులు" అయినది. వేయి సంవత్సరాలుగా తెలుగు చేస్తున్న పని ఇదే. పరాయి మాట లోపలికి వచ్చి మన ప్రత్యయం తొడుక్కున్నంతకాలం ఇంటి యజమాని తెలుగే. మన మాట పరాయి ప్రత్యయం తొడుక్కున్ననాడు యజమాని మారినట్లు. దీనినే నేను డుమువుల పరీక్ష అంటున్నాను.

"అయితే ఎంత అరువైనా తెచ్చుకోవచ్చునా?" అని అడిగేవారికి ఒక హెచ్చరిక కూడ మాల్టీస్‌లోనే ఉన్నది. పాత అరువులకు లోపలి అచ్చులు మారాయి. తరువాతి అరువులు చాలావాటికి బయటి ప్రత్యయం మాత్రమే చేరింది. ఇటీవలి "కొంప్యూతెర్" వంటివాటికి "కొంప్యూతెర్స్" అని ఇంగ్లీషు బహువచనమే వస్తున్నది. వరద వేగం పెరిగితే మూసకు పనిచేసే తీరిక ఉండదు. అందుకే మాల్టా ప్రభుత్వం 2005లో జాతీయ భాషామండలిని నెలకొల్పి, క్రొత్త మాటలను ఎట్లా వ్రాయాలో నిర్ణయించే పనిని దానికి అప్పగించింది. కాపాడవలసినది మూసనే అని వారు గ్రహించారు.

టెక్సాస్ రహదారి మీద ఒక సాక్ష్యం

పరీక్షలో ఓడిపోవటం ఎట్లా ఉంటుందో చూడటానికి ఐరోపా వెళ్ళనక్కరలేదు. డల్లస్ నుండి ఆస్టిన్ వెళ్ళే 35వ అంతర్రాష్ట్ర రహదారి మీద వెస్ట్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ దారిన ప్రయాణించే తెలుగు కుటుంబాలు చాలామంది అక్కడ ఆగి, నడుమ పండ్ల పాకం పెట్టి కాల్చిన తియ్యని రొట్టెలు కొనుక్కుంటారు. వానిని అందరూ "కొలాచెస్" అంటారు. ఇది చెక్ మాట. చెక్‌లో ఏకవచనం "కొలాచ్", బహువచనం "కొలాచె". బహువచనం మీద ఇంగ్లీషు "స్" మళ్ళీ చేర్చి "కొలాచెస్" అంటున్నారు. తన బహువచనం బహువచనమని గుర్తించేవారు లేక చెక్ మాట రెండవ తోక తగిలించుకున్నది.

1850 దశకం నుండి వేలాది చెక్ కుటుంబాలు, ముఖ్యంగా మొరావియా ప్రాంతంవారు, టెక్సాస్‌కు వలస వచ్చారు. వారు భాషను నిర్లక్ష్యం చేసినవారు కారు. చర్చిలో చెక్, బడిలో చెక్, వార్తాపత్రికలు చెక్‌లో. 1897లో ఒక సహాయసంఘం స్థాపించుకున్నారు. నెలనెలా సభలు, పాటలు, నాట్యాలు, వంటలు. అచ్చంగా మన సంఘాల వంటిదే. ఇంగ్లీషు మాటలు వాడినందువల్ల వారి భాష చావలేదు. కారును వారు "కార" అని స్త్రీలింగం చేసి, ఏడు విభక్తులలోనూ త్రిప్పారు. రైతును "ఫర్మార్జ్" అన్నారు. మూస చక్కగా పనిచేసింది. తరువాత ఒక తరంలో తల్లిదండ్రులు తమలో తాము చెక్ మాట్లాడుకుంటూ, పిల్లలతో మాత్రం ఇంగ్లీషు మాట్లాడసాగారు. ఈనాడు ఆ మాండలికం మిగిలింది కొద్దిమంది వృద్ధుల నోట, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం భద్రపరచిన ధ్వనిముద్రణలలో. ఆ సహాయసంఘం ఇంకా ఉన్నది. దాని పత్రిక కూడ వెలువడుతున్నది. పత్రిక పేరు ఇప్పటికీ చెక్ మాటే, "వ్యెస్త్నీక్", అనగా వార్తావహుడు. లోపలి రచనలు దాదాపు అన్నీ ఇంగ్లీషు.

ఈ సంచికను చేతిలో పట్టుకున్న పాఠకులు ఆ చివరి వాక్యాన్ని ఇంకొకసారి చదవాలని నా మనవి. కోటిమంది మాట్లాడే చెక్ భాష ప్రేగ్‌లో క్షేమంగా ఉన్నది. ఆ క్షేమం టెక్సాస్ చెక్ భాషను కాపాడలేదు. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల మందికి పైగా మాట్లాడే తెలుగు హైదరాబాదులోను, విజయవాడలోను ఉన్నది కదా అనే ధీమా మన ఇంట్లో పిల్లలకు పనికిరాదు. తిండి నిలుస్తుంది, పండుగ నిలుస్తుంది, సంఘం పేరు నిలుస్తుంది. భాషకు ఆ హామీ లేదు.

మన ఇళ్ళలో

ఇప్పుడు ఇద్దరు పిల్లలను ఊహించండి. ఒకరు "అమ్మా, టేబుల్ మీద రెండు బుక్కులు పెట్టాను, చూశావా?" అన్నారు. రెండవవారు "మామ్, కెన్ ఐ హావ్ టూ మోర్ దోసాస్?" అన్నారు. మన ఇళ్ళలో సాధారణంగా జరిగేది ఏమిటి? మొదటి బిడ్డను "బల్ల అనాలి, పుస్తకాలు అనాలి" అని దిద్దుతాము. అతిథుల ఎదుట దిద్దితే ఆ బిడ్డ తరువాతిసారి ఇంగ్లీషులోనే అడుగుతుంది. రెండవ బిడ్డను చూచి "దోసె అంటే ఇష్టం, మన సంస్కృతి మరచిపోలేదు" అని సంతోషిస్తాము. డుమువుల పరీక్ష ప్రకారం మొదటి బిడ్డ మాట్లాడినది నిండైన తెలుగు. "మీద", "పెట్టాను", "చూశావా", "బుక్కులు" అన్నీ మన యంత్రాంగమే. అతిథులు రెండు మాటలు మాత్రమే. రెండవ బిడ్డ మాట్లాడినది ఇంగ్లీషు. అందులో మన దోసె కొలాచె వలె రెండవ తోకతో కూర్చున్నది.

కనుక తెలుగు బడులు నడిపే మిత్రులకు, తల్లిదండ్రులకు నా సూచనలు మూడు. మొదటిది, పిల్లల మాటలలోని ఇంగ్లీషు నామవాచకాలను వేటాడవద్దు. వాక్యం తెలుగులో ముగిసిందా లేదా అన్నది చూడండి. పిల్లవాడు ఇంగ్లీషులో అడిగితే అదే నామవాచకాన్ని తెలుగు వాక్యంలో పెట్టి తిరిగి ఇవ్వండి: "రెండు దోసెలు చాలా, మూడు కావాలా?" అని. రెండవది, బడిలో రంగుల పేర్లు, పండ్ల పేర్లు వల్లె వేయించటంతో సరిపెట్టకండి. పేర్లు నేర్చినవారు పేర్లే చెప్పగలరు. నాకు, నీతో, ఇంట్లో, బడినుండి అని విభక్తులతో ఆడుకోవటం నేర్పండి. వచ్చాను, వస్తావా, రాలేదు అని క్రియతో ఆడుకోవటం నేర్పండి. మూస చేతికి వస్తే సరుకు వారే తెచ్చుకుంటారు. మూడవది, మన సంచికలో పిల్లల విభాగాన్ని వారు మాట్లాడే తెలుగులోనే వ్రాయించండి. అందులో సాకర్, హోంవర్కు, పిజ్జా ఉంటే ఉండనివ్వండి. ముత్యాల వంటి తెలుగులో తాతగారు వ్రాసి మనుమరాలి పేరుతో అచ్చువేసిన పద్యంకంటె, "నిన్న మా టీం మూడు గోల్సు చేసింది" అని ఆమే వ్రాసుకున్న వాక్యం విలువైనది. ఆ "గోల్సు" దగ్గర మాత్రం కొంచెం ఆగి, "గోల్సు అనాలా, గోళ్ళు అనాలా?" అని ఆమెనే అడిగి నవ్వించండి. బహువచనం గురించి ఆలోచించటం మొదలుపెట్టిన పిల్ల డుమువుల దారి పట్టినట్లే.

మాల్టీస్ గాని చెక్ గాని నేర్చుకోవాలనే కుతూహలం ఈ వ్యాసం వల్ల ఒకరిద్దరికి కలిగినా నాకు సంతోషం. మొదట ఆ భాష కొన్ని ఇంగ్లీషు మాటలను ఏమి చేసిందో వెదకి చూడండి. తరువాత భోజనాల వేళ మీ పిల్లలు అవే మాటలను ఏ వాక్యంలో పెడుతున్నారో శ్రద్ధగా వినండి.